ఏదైనా పర్లేదండి

మా మేనల్లుణ్ణి స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించడానికి ఏలూరులో ఒక మేడ ఎక్కాను. కింద సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, మధ్యలో పళ్ల డాక్టరు, పైన ఇంగ్లీషు. ఫీజు ముందే కట్టించుకున్నారు కాబట్టి ఒక క్లాసు కూర్చుని చూడమని నాకూ మర్యాద చేశారు. వెనక బెంచీలో సర్దుకున్నాను. ఆ రోజు పాఠం, ఇష్టాయిష్టాలు చెప్పడం ఎలా? మాస్టారు బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాశారు: ఐ ప్రిఫర్ టీ టు కాఫీ. దాని కింద ఎర్ర చాక్‌పీసుతో హెచ్చరిక. 'దేన్' రాదు, 'టు' వస్తుంది. 'దేన్' అన్నవాడికి ఉద్యోగం రాదు.

"డూ యూ ప్రిఫర్ టీ ఆర్ కాఫీ?" అంటూ మొదటి బెంచీ కుర్రాణ్ణి లేపారు.

లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "ఎనీథింగ్ సార్" అన్నాడు.

"అలా కాదయ్యా. రెండింట్లో ఒకటి చెప్పాలి."

"పర్లేదు సార్. ఏదున్నా పర్లేదు."

"ఇక్కడ టీ లేదు, కాఫీ లేదు. ఊరికే చెప్పవయ్యా!"

"లేనప్పుడు ఎందుకులెండి సార్."

కొల్లేటి లంకల నుంచి వచ్చిన కుర్రాడట. వాడికి ఆ క్షణాన ప్రిన్సిపాల్ పదవి ఇచ్చేయాలనిపించింది నాకు. మాస్టారు మాత్రం నుదురు కొట్టుకుని తర్వాతి వాణ్ణి లేపారు. ఆపైన వరసగా లేచిన పాతికమందికీ కాఫీ కంటే టీయే ఇష్టమని తేలింది. బోర్డు మీద అదే ఉంది మరి. మా వాడూ లేచి, వ్యాకరణంలో ఇసుమంత దోషం లేకుండా, కాఫీని కాదని టీని వరించాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక టీ తాగగా నేను చూళ్లేదు. విరామంలో మాస్టారు తన ఫ్లాస్కు మూత తీశారు. గదంతా కాఫీ వాసన.

ఆ లంక కుర్రాణ్ణి తప్పుపట్టే ముందు మా ప్రాంతం గురించి ఒక ముక్క చెప్పాలి. కైకలూరు వైపు ఎవరింటికైనా వెళ్లండి. "కాఫీ తాగుతారాండీ, టీ తాగుతారాండీ?" అని అడుగుతారు. ఇది ప్రశ్న అనుకుని జవాబు చెప్పారంటే మీరు ఈ జిల్లావారు కారని తేలిపోతుంది. "ఏదైనా పర్లేదండి" అనాలి. "అబ్బే, మొహమాటపడకండి, చెప్పండి" అంటారు. "మీరేదిస్తే అదేనండి" అనాలి. లోపలికెళ్లినావిడ చివరికి పట్టుకొచ్చేది బూస్టు. ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. మధ్యాహ్నం "కొర్రమీను వేయించమంటారా, రొయ్యల ఇగురు పెట్టించమంటారా?" అని మళ్లీ అడుగుతారు. అప్పటికి రెండూ పొయ్యి మీద ఉడికిపోతుంటాయి. రెండూ విస్తట్లోకి వస్తాయి. "చాలండి" అన్నది మన చెవికి వినపడుతుంది గానీ గరిటెకు వినపడదు. ఇలాంటి దేశంలో ఒక ఆడ మనిషో మగ మనిషో లేచి నిలబడి "ఐ ప్రిఫర్ కొర్రమీను టు రొయ్య" అన్నారనుకోండి, ఆ వంటింటి పరువేం కాను?

'ప్రిఫర్' ల్యాటిన్ నుంచి వచ్చిన మాట. ముందుకు మోసుకొచ్చి పెట్టడమని మూలార్థం. సీనియర్, జూనియర్, సుపీరియర్ వగైరా బంధువుల్లాగే దీని వెనకా 'టు' నడుస్తుంది. ఇంగ్లీషువాడు వాక్యం మొదట్లోనే 'ఐ' అని నిటారుగా నిలబడతాడు. ఆ తర్వాత రెండింట్లో ఒకదాన్ని ముందుకు మోసుకొస్తాడు. మనం నిలబడం. 'నాకు' అని కూర్చుంటాం. నాకు జ్వరం. నాకు ఆకలి. నాకు తుమ్ములు. నాకు కాఫీ ఇష్టం. జ్వరం లాగే ఇష్టమూ ఎక్కణ్నుంచో వచ్చి మీద పడుతుంది. పెద్దవాళ్లు ఇంత కషాయం పోస్తే దిగిపోతుంది.

ఎంచుకోవడం మీద మన సామెతలు చూడండి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అడకత్తెరలో పోకచెక్క. పెనం మీంచి పొయ్యిలోకి. రెండు మంచివాటి మధ్య తీరిగ్గా కాలుమీద కాలేసుకుని ఎంచుకున్నవాడి మీద సామెత నాకైతే తగల్లేదు. మనకు ఎంపిక అంటే గుడ్డి కన్నా మెల్ల నయం. ఈ 'నయం' అన్న మాట ఒక్కటి చాలు, మన చరిత్రంతా రాయడానికి. తిట్టాల్సి వస్తే మాత్రం మన ఇష్టాయిష్టాలు ఎంత స్పష్టంగా ఉంటాయో! "నీకు చెప్పేకన్నా గోడకు చెప్పడం నయం." "ఈ సంబంధం చేసుకునేకన్నా తమ్మిలేరులో దూకడం నయం." ఎండాకాలం తమ్మిలేరులో నీళ్లుండవు గనక అది ప్రాణభయం లేని ప్రతిజ్ఞ కూడా. రెండో రోజు మాస్టారు 'ఐ వుడ్ రాదర్' అన్న పాఠం మొదలెట్టి, దానికి తెలుగు దొరక్క నీళ్లు నమిలారట. ఏ వంటింట్లోనైనా అరగంట నిలబడితే నలభై దొరికేవి.

కాబట్టి మనకు ఇష్టాలు చెప్పే భాష లేదన్నది శుద్ధ అబద్ధం. ఎదుటివాడి మీద రుద్దాల్సొచ్చినప్పుడు ఇంగ్లీషులో సైతం చెప్పగలం. సాక్ష్యం చూపిస్తాను.

ఏలూరులో ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఒక గేటుకు టు లెట్ బోర్డు కనపడింది. కింద చిన్న అక్షరాలతో 'వెజ్ ప్రిఫర్డ్'. బెల్లు కొట్టాను. ఇంటాయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, "మాకేం పట్టింపుల్లేవండి" అన్నాడు. "ప్రిఫర్డ్ అనే రాయించాం గదా. ఓన్లీ అని రాయించలేదు." ఆ తర్వాత నా ఊరు అడిగాడు. ఇంటిపేరు అడిగాడు. ఇంటిపేరుతో తెగలేదు కాబోలు, "మీరెవరండీ?" అని అడిగాడు. గోదావరి జిల్లాల్లో ఆ ప్రశ్నకు పేరు చెప్తే నవ్వుతారు. నేను ఇంకా నోరు తెరవలేదు, ఆయన ఫోన్ మోగింది. "ఎన్నో కౌంటులో ఉంది?... ఇప్పుడు పట్టుబడి వద్దు, రేటు లేదు... ఏరియేటర్లు రాత్రంతా తిరగనీ..." కొల్లేటి అంచున ఆయనకు రొయ్యల చెరువులు. ఈ మేడ లేచింది ఆ రొయ్య వీపు మీదే. చెరువులో రొయ్య ఉండొచ్చు, బ్యాంకులో రొయ్య ఉండొచ్చు, అద్దెకున్నవాడి మూకుట్లో మాత్రం రొయ్యపొట్టు ఉండకూడదు. ఫోన్ పెట్టేసి, "మా అమ్మాయి వాళ్లు వస్తామంటున్నారండి, ఇల్లు ఇవ్వడం వీలుపడదేమో" అన్నాడు. ఆరు నెలలైనా ఆ అమ్మాయి రాలేదు. బోర్డు మాత్రం అక్కడే ఉంది.

అప్పుడు తెలిసింది నాకు, 'ప్రిఫర్డ్' అనేది ఎంత మెత్తని చెప్పో. పెళ్లి ప్రకటనల్లోనూ అదే. అమ్మాయి తెల్లగా, పొడుగ్గా, ఉద్యోగం చేస్తూ, వంట వచ్చి ఉంటే ప్రిఫర్డ్; కట్నం మాట ఎత్తరు, 'స్థితిపరులు ప్రిఫర్డ్'. శాఖాభేదం లేదని పెద్దమనసు చాటుకున్న ప్రకటనలో సైతం, ఆ శాఖలు మొలిచిన చెట్టు ఏదో మొదటి మాటలోనే ఉంటుంది. 'వద్దు' అనడానికి నోరు రానివాళ్ల కోసం దొరలు వదిలిపెట్టి పోయిన మాట ఇది. మా స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారు టీ కాఫీల దగ్గరే ఆగిపోయారు గానీ అసలు వాడుకంతా ఇక్కడుంది.

మా మేనల్లుడి సంగతికొస్తాను. మా చెల్లెలిది తాడేపల్లిగూడెం. పదో తరగతి అయ్యాక వాడొక్కసారి, ఒక్కసారే, నోరు తెరిచి తన ఇష్టం చెప్పాడు. బైపీసీ తీసుకుని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన కోర్సు చదువుతానన్నాడు. తాడేపల్లిగూడెం పక్కనే ఉంది ఆ ఉద్యాన విశ్వవిద్యాలయం, 2007 నుంచి. బడికెళ్లే దారిలో ఆ తోటలు చూస్తూ పెరిగాడు. మా బావగారు పేపరు దించి, "మొక్కలు పెంచుతావా?" అని అడిగారు. ఆ గొంతులో వినపడ్డ జుగుప్స మాటల్లో పెట్టలేను. బావగారికి పదెకరాల పామాయిల్ తోట, అంతరపంటగా కోకో. తాతల నాటినుంచి ఆ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా మొక్క పెట్టిందే. అయినా మొక్కలు పెంచడమనేది తండ్రి చేస్తే ఆస్తి, కొడుకు చదివితే అప్రదిష్ట. వాడు ఎంపీసీలో తేలాడు.

రెండేళ్ల తర్వాత ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు. ఆ ఘట్టానికి నేనూ సాక్షిని. గూడెంలో ఒక నెట్ సెంటరు, ఉక్కపోత, ఒక్కో కంప్యూటరు చుట్టూ ఒక్కో కుటుంబం. కుర్చీలో నెట్ సెంటరు కుర్రాడు. వాడి పక్కన మా బావగారు. వెనక బావగారి అన్నగారు, ఆయన వెనక 'మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు' అనే హోదాలో పక్కింటాయన. ఆయన వెనక నేను. అందరి వెనకా, గుమ్మం దగ్గర, చెప్పులకు కాపలాగా, మా మేనల్లుడు.

దేశంలో ఇంత స్వేచ్ఛ ఇంకెక్కడా ఉండదు. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు. మా వాళ్లు వంద దాటించారు. మొదటిది సీఎస్‌ఈ. రెండోది సీఎస్‌ఈ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. మూడోది సీఎస్‌ఈ, డేటా సైన్స్. నాలుగోది సీఎస్‌ఈ, సైబర్ సెక్యూరిటీ. అదే పప్పు, ఒకసారి తోటకూరతో, ఒకసారి గోంగూరతో, ఒకసారి దోసకాయతో. అరవైకో డెబ్భైకో వచ్చేసరికి నెట్ సెంటరు కుర్రాడు జాలిపడి "బాబుకేమిష్టమో?" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. అంతసేపటికి వాడక్కడ ఉన్నాడని గుర్తొచ్చింది. "ఏదైనా పర్లేదు నాన్నా" అన్నాడు వాడు. "చూశారా, మా వాడు బంగారం" అన్నారు బావగారు. ఫ్రీజ్ నొక్కే ముందు ఓటీపీ వచ్చింది. వచ్చింది బావగారి ఫోనుకి. ఆప్షన్లు కొడుకువి, ఓటీపీ తండ్రిది.

గూడెంలోనే నిట్ ఉంది, 2015లో వచ్చింది. దేశం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్లను అడిగితే తెలుస్తుంది, ఓటీపీ సంప్రదాయం మన ఒక్క భాషకే పరిమితం కాదని.

ఇదంతా ఇంట్లో నాటకం. ప్రభుత్వం కూడా ఒకసారి ఇంటింటికీ వచ్చి మీ ఇష్టమేమిటని అడిగింది. అది మామూలు ముచ్చట కాదు. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియమే అని 2019 నవంబరు 5న జీవో 81 వచ్చింది. పదిహేను రోజులకు దాన్ని సవరించి జీవో 85. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు, ఇంక మాట్లాడొద్దు. మాట్లాడేవాళ్లు కోర్టుకెళ్లారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఏలినవారికి, తల్లిదండ్రులనేవారు ఒకరున్నారని. వారం తిరక్కుండా, లాక్‌డౌన్‌లో, కొట్టుకెళ్లి పావుకిలో పంచదార తెచ్చుకోవడానికి వీల్లేని రోజుల్లో, సర్కారు వాలంటీర్లు మూతికి గుడ్డ కట్టుకుని ఫారాలు పట్టుకొచ్చారు. తాళి కట్టేశాక పెళ్లిచూపులు. ఫారంలో మూడు గళ్ళు. తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండే ఇంగ్లీషు మీడియం. తెలుగు మీడియం. వేరే భాష మీడియం. 96 శాతానికి పైగా మొదటి గడిలో టిక్కు పెట్టారు. తెలుగు మీడియానికి పడ్డవి మూడు శాతం చిల్లర.

ఆ లెక్క చూసి అమ్మభాష అభిమానులు గుండెలు బాదుకున్నారు. బాదుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తల్లిభాష తల్లిపాలు లాంటిదంటూ రెండు వ్యాసాలు రాశాను, ఒక సభలో కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. వ్యాసాలు టైపు చేసిపెట్టింది మా అమ్మాయి. అది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగు టైపింగు కూడా ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెప్పిస్తుంది. ఆ సంగతి సభలో చెప్పలేదు, సమయం చాల్లేదు.

టిక్కు పెట్టిన తల్లిని ఎవరూ వెర్రిదాన్ని చేయనక్కర్లేదు. కొల్లేటి లంకలో రోజంతా చేపల మేత బస్తాలు మోసే ఆడమనిషికి తెలుగు మీద ప్రేమ తక్కువై టిక్కు పెట్టలేదు. కలెక్టరు గారి పిల్లలు ఏ మీడియమో ఆవిడకు తెలుసు. పంతులుగారి పిల్లలదీ తెలుసు. వాళ్ల బడికి పాఠం చెప్పడానికి వచ్చి, బండి స్టాండు వేసేలోపే ఏలూరు బస్సు టైము చూసుకునే మాస్టారి పిల్లలదీ తెలుసు. నాలాంటి వ్యాసకర్త పిల్లలది ఊహించుకోగలదు. తెలుగులో చదివి ఎక్కడిదాకా వెళ్లొచ్చో పెద్దవాళ్లెవరూ తమ పిల్లల్ని పంపి చూపించలేదు. ఆవిడొక్కత్తే తన పిల్లాడితో ప్రయోగం చేయాలా? ఆవిడ ఇష్టం నిజమైనది, లెక్కా నిజమైనదే. అబద్ధమాడింది ఫారం. అందులో నాలుగో గడి లేదు. 'ఏ మీడియమైనా సరే, రోజూ వచ్చి, వచ్చిన భాషలో, అర్థమయ్యేలా చెప్పే టీచరు కావాలి' అనే గడి. అది గనక ఉంటే 96 శాతం ఎటు పోయేదో నాకు తెలుసు, ఫారం అచ్చేసినవాళ్లకు నాకన్నా బాగా తెలుసు. 2023లో సర్కారు బడుల్లోకి టోఫెల్ శిక్షణ వచ్చినప్పుడు ఆ మూడు గళ్ళ ఫారమూ రాలేదు. ఒకసారి అడిగాం గదా, ఎన్నిసార్లడుగుతారు?

ఫారం లేకుండా ఇష్టం కనిపెట్టే విద్య చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లాలి. కొల్లేరుకు గూడబాతులు వస్తాయి. సంచీ ముక్కు, బరువైన ఒళ్లు, పెళ్లిలో పెద్దమనిషి నడక. వాటికి గూడు పెట్టుకోను చెట్లు కావాలి. చెట్లు చాల్లేదు. అటవీశాఖవారు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. పిట్టలు చూశాయి. ఒకటి రెండు చక్కర్లు కొట్టాయి. వేరే దారి లేక ఇనుము మీదే పుల్లలు పేర్చుకుని గుడ్లు పెట్టాయి. పడవలో నా పక్కన కూర్చున్నాయన బైనాక్యులర్స్ దించి తన కొడుక్కి వివరించాడు: "సీ నాన్నా, దే ప్రిఫర్ ఐరన్ స్టాండ్స్ టు ట్రీస్." 'టు' సరిగ్గానే పడింది. మే నెల ఎండలో ఆ ఇనుము మీద కూర్చున్న పిట్ట ఏమంటుందో కనుక్కోవడానికి అక్కడ వాలంటీరు ఎవరూ లేరు.

కొల్లేటి కథే అంత. 1999లో జీవో 120 ఇచ్చి, ప్లస్ 5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. ప్లస్ 5 అంటే సముద్ర మట్టం మీద అయిదడుగులన్నమాట. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు. 2006లో పొక్లెయిన్లు దింపి చేపల చెరువుల గట్లు కొట్టించారు. 2008లో అదే రాష్ట్ర శాసనసభ, ప్లస్ 3కి కుదించాలని తీర్మానం చేసింది. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికకూ ఒక మైకు లంకల్లోకి వస్తుంది. వేదిక ఎక్కినవాడికి ప్లస్ 3 ఇష్టం. కాగితానికి ప్లస్ 5 ఇష్టం. గట్టు వేసినవాడికి ఏ కాంటూరైనా పర్లేదు, పొక్లెయిన్ అద్దె గిట్టితే చాలు. తాతల నాడు కొల్లేటిలో మావులు పెట్టి చేప పట్టుకు బతికి, ఇప్పుడు అదే నీళ్ల పక్కన తాగునీళ్లు టిన్నుల్లెక్కన కొనుక్కుంటున్నవాణ్ణి మాత్రం చేప కావాలా, పిట్ట కావాలా అని నిలదీస్తారు. రెండూ ఒకే నీళ్లలో ఉండేవని వాడు చెప్పబోతే, "రెండింట్లో ఒకటి చెప్పాలయ్యా" అంటారు, అచ్చం మా మాస్టారిలాగే.

అన్నట్టు, డిగ్రీ చదివినవాళ్లకు ఈ బాధలుండవనుకునేరు. 2025 ఫిబ్రవరి 27న ఉభయగోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. పేరే ప్రాధాన్య ఓటు. బ్యాలెట్టు మీద ముప్ఫై అయిదు మంది. చేయాల్సిందల్లా, వాళ్లిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో, అందరికంటే నచ్చినవాడి ఎదురుగా 1 అంకె వేయడం. ఆ తర్వాత నచ్చితే 2, ఓపికుంటే 3. లెక్కింపు మా ఏలూరులోనే, సీఆర్ రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీలో, రాత్రీ పగలూ నడిచింది. చెల్లని ఓట్లు వేలకు వేలు పోగుపడ్డాయి. ఈ ఎన్నికలో టిక్కు పెడితే చెల్లదు. 1 అంకె ఇద్దరికి వేస్తే చెల్లదు. ఒకటి అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. సంతకం పెడితే అసలే చెల్లదు. జీవితమంతా ఫారాల మీద టిక్కులూ సంతకాలూ పెట్టిన చెయ్యి, ఒక్కసారి వరస చెప్పమంటే వణికింది. ప్రచారానికొచ్చిన పెద్దలు ఇంకో మంచి సలహా ఇచ్చారు: "ఒకటి మాత్రం వేసి వచ్చేయండి. రెండూ మూడూ మీకెందుకు?" ప్రాధాన్య ఓటుకు ఇంతకన్నా చక్కని తెలుగు లేదు.

మా మేనల్లుడి ఇంగ్లీషు కోర్సు మూడు నెలలకు ముగిసింది. సీఎస్‌ఈ పట్టా అప్పటికే చేతికొచ్చింది. ఒక కంపెనీవాళ్లు విజయవాడలో ఇంటర్వ్యూ పెట్టారు. ఆ బ్యాచీ నుంచి వీడూ, టీ కాఫీ తేల్చని ఆ లంక కుర్రాడూ ఒకే రైల్లో వెళ్లారు. కోడింగు ఇద్దరికీ బాగానే వెళ్లింది. చివర్లో ఒకావిడ నవ్వుతూ అడిగిందట, డే షిఫ్టు ప్రిఫర్ చేస్తావా, నైట్ షిఫ్టా అని.

లంక కుర్రాడు "ఎనీథింగ్ మేడమ్" అన్నాడు. వాడి ఫొటో ఇప్పుడు ఫైర్ స్టేషన్ సెంటర్లో ఫ్లెక్సీ మీద ఉంది. టై కట్టారు. పక్కన మాస్టారి ఫొటో అంతకన్నా పెద్దది.

మా వాడు రాత్రి పాసింజరులో దిగి తిన్నగా మా ఇంటికొచ్చాడు. అన్నం పెడతానంటే వద్దన్నాడు. కాసేపు వరండాలో మా ఆవిడ పెంచుతున్న కనకాంబరం కుండీల దగ్గర నిలబడి, ఎండిన ఆకులు గిల్లి పారేస్తూ నెమ్మదిగా అన్నాడు:

"దేన్ అనలేదు మావయ్యా. టు అనే అన్నాను."